బాలమ్మ సమ్మతి పత్రం

హిందూపురం
2024 మార్చి 10, ఆదివారం

పాపా ప్రమోదా,

ఏసయ్య నిన్ను చల్లగా చూడాలి. నేను బాగున్నాను. మోకాలు కూడా బాగుందనే చెప్పాలి. బాగాలేదంటే మా సుపీరియర్ సిస్టర్ ఫ్లోరా నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఉల్లిపాయలు తరగమంటుంది. కూర్చొని చేసేది వంట కాదని నా లెక్క. మఠంలో పెద్దది ఆమే కావచ్చు గాని, సంగటి గెలికేటప్పుడు ఆమె కూడా నా మాట వినాల్సిందే.

రొద్దం నుంచి మీ నాయన తమ్ముడు బెల్లం తెచ్చాడు. దాంతో ఓళిగలు చేసి అక్కడ శిక్షణలో ఉన్న మీ ఏడుగురు నోవిస్‌లకు పంపాను. నీకొక్కదానికే అని చీటీ పెడితే అందరికీ పంచుతారు, అందరికీ అని పెడితే నీకొకటే వస్తుంది. ఏది రాసినా ఒకటేనని తెలిసి చీటీ పెట్టడం మానేశాను.

అసలు సంగతికి వస్తాను. పెనుకొండ నుంచి సమ్మతి పత్రం వచ్చింది. మే ముప్ఫై ఒకటిన నువ్వు మాటపట్టు తీసుకొని సిస్టరువి కావడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నట్టు రాసి సంతకం చేయాలట. మీ నాయన ఉంటే ఆయన చేసేవాడు. రాయడానికి నాలుగు గీతలు ఇచ్చారు. నీకు రెండేళ్లప్పుడు ఆయన పోయాడు. నిన్ను చంకనేసుకొని ఈ వంటింటికి వచ్చి ఇరవై ఏళ్లయింది. ఇదంతా నాలుగు గీతల్లో ఎట్లా పడుతుంది? ఇంకో కాగితం జోడించి దారంతో కుట్టాను.

ఏం రాశానో నీకు చెప్పను. నేను చదివింది ఏడో తరగతే గాని, మీకు శిక్షణ ఇచ్చే సిస్టర్ సెలీన్ ఆ కాగితం చదివితే కళ్లనీళ్లు పెట్టుకోక మానదు. ఫ్లోరా సిస్టర్‌కు కూడా చూపించలేదు. పోస్టు డబ్బాలో నా చేత్తోనే వేశాను.

పొద్దునే లేచి చన్నీళ్లు పోసుకోకు. నీకు పడదు.

మీ అమ్మ,
బాలమ్మ


పెనుకొండ
2024 ఏప్రిల్ 7, ఆదివారం

అమ్మా,

నీ మూడు ఉత్తరాలూ ఈ రోజే ఒక్కసారిగా ఇచ్చారు. మాకు ఉత్తరాలు నెలలో మొదటి ఆదివారమే రావడమూ పోవడమూ. ఫోను ముట్టుకొని ఏడాదిన్నర అయింది. మొదట్లో జేబు తడుముకునేదాన్ని, ఇప్పుడు జేబున్న సంగతే మరిచాను.

ఓళిగలు ఏడుగురం, ముగ్గురు సిస్టర్లు, తోటపని చేసే వెంకటప్ప తాత కలిసి తిన్నాం. నాకు సగం వచ్చింది. మిగతా సగం మా ఏడుగురిలో ఉన్న గుడిబండ రేష్మ తినేసి, తర్వాత ధ్యానంలో పశ్చాత్తాపపడ్డానని చెప్పింది. ఆమె నిద్రలో పాటలు పాడుతుంది. మేము మౌనం పాటించే వేళల్లో అదొక్కటే సంగీతం.

అమ్మా, ఒక మాట రాయాలి. ఎట్లా రాయాలో తెలియక రెండు కాగితాలు పాడుచేశాను. మే ముప్ఫై ఒకటిన ఆరుగురే మాటపట్టు తీసుకుంటారు. నన్ను ఆపారు. ధర్మవరంలో మన సిస్టర్ల ఇంట్లో ఆరు నెలలు ఉండి రమ్మన్నారు. ఎందుకన్నది ఇప్పుడు రాయలేను. నేను తప్పేమీ చేయలేదు, అది నమ్ము. నువ్వు దిగులు పడకు. రొద్దంవాళ్లకు ఇంకా చెప్పకపోతే మంచిది.

ప్రమోద


హిందూపురం
2024 ఏప్రిల్ 14

ప్రమోదా,

రొద్దంవాళ్లకు చెప్పకపోతే మంచిదట! చెప్పి నెలయింది. టెంపో కూడా మాట్లాడుకున్నారు. మన చర్చి గురువుగారి దగ్గర నుంచి అక్కడ ఊడ్చే తిప్పమ్మ దాకా అందరికీ నేనే చెప్పాను. ఇప్పుడు అందరూ దారిలో ఆపి తేదీ అడుగుతుంటే సందుల్లోంచి పోతున్నాను.

నిజం చెప్పు, ఏం చేశావు? నీ నోరు నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలో హాస్టలు పిల్ల స్వాతి మీద గరిటె విసిరినదానివి. అక్కడ ఎవరినో ఏదో అని ఉంటావు. తప్పు చేయనిదే ఏడుగురిలో నిన్నొక్కదాన్నే ఏరి పక్కన పెడతారా? ఫ్లోరా సిస్టర్‌ను అడిగితే, అది సెలీన్ సిస్టర్ చూసుకునే విషయం, తను అడగకూడదు అంది. ఆమె ముఖం చూడలేకపోయాను. ఆ రోజు చారులో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తులేదు.

వీళ్ల ఉప్పు తిని పెరిగినవాళ్లం మనం. నీకు జ్వరమొస్తే వాళ్లు రాత్రంతా తడిగుడ్డ వేశారు. నీకు పుస్తకం, పలక, చెప్పులు అన్నీ వాళ్లవే. అట్లాంటివాళ్ల దగ్గర నా తల వంచుతావా? పోయి సెలీన్ సిస్టర్ కాళ్లు పట్టుకో. నీకు సిగ్గయితే నేనే పెనుకొండ బస్సెక్కి వచ్చి పట్టుకుంటాను.

ఈ ఉత్తరం వాళ్లు చదివినా నాకేమీ లేదు.

అమ్మ


ధర్మవరం
2024 జూన్ 2, ఆదివారం

అమ్మా,

నీ ఉత్తరం పెనుకొండకు పోయి, నా వెనకాల ధర్మవరం వచ్చి చేరింది. మూడుసార్లు చదివాను. నేను ఎవరినీ ఏమీ అనలేదు, గరిటె విసరలేదు. నీకు చెప్పకూడదనే అనుకున్నాను. బస్సెక్కుతానన్నావు కాబట్టి చెప్పేస్తున్నాను. నన్ను ఆపింది నువ్వు రాసిన సమ్మతి పత్రం.

సెలీన్ సిస్టర్ నన్ను గదికి పిలిచి ఆ కాగితం చేతికిచ్చి పైకి చదవమంది. "మీరు మాకు అన్నం పెట్టినారు, గది ఇచ్చినారు, నా బిడ్డకు చదువు చెప్పినారు. మీకు ఇచ్చేదానికి నా దగ్గర ఈ బిడ్డ తప్ప ఏమీ లేదు. ఈమెను మీకు ఇచ్చేస్తాండాను. ఇంక ఈమె మీద నాకు హక్కు లేదు." చదువుతూ చదువుతూ నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కాగితం మడిచి, మెల్లగా అడిగింది.

"మీ అమ్మ నిన్ను ఇచ్చిందమ్మా. ఆమెది పెద్ద మనసు. మరి నువ్వు వచ్చావా?"

వచ్చాను కదా సిస్టర్ అన్నాను. పెట్టె పట్టుకొని రావడం నేను కూడా చూశాను అంది. మీ అమ్మ మా దగ్గర కాకుండా ఇంకెక్కడో వంట చేస్తుంటే వచ్చేదానివా అని అడిగింది. ఆలోచించుకోమని మూడు రోజులు గడువిచ్చింది. మూడు రోజులూ గుడిలో కూర్చున్నా జవాబు రాలేదు.

చెప్పులు కొనిస్తే నా తల వంచి దండం పెట్టించావు. జ్వరం తగ్గితే దండం. పరీక్ష పాసైతే వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ముందు దండం పెట్టించి, తర్వాత ముద్దు పెట్టుకున్నావు. ఆ దండాలన్నీ కలిసి నన్ను ఇక్కడిదాకా నెట్టుకొచ్చాయా, నేనే నడిచి వచ్చానా? నాకు తెలియడం లేదమ్మా. మేలుకు బదులుగా మనిషిని తీసుకోవడం మా సిస్టర్ల సభలో కుదరదట. ధర్మవరం ఎందుకు పంపారంటే, ఇక్కడ నేను వంటామె కూతురినని ఎవరికీ తెలియదు. ఇక్కడున్న ఐదుగురు సిస్టర్లలో నాకు చిన్నప్పుడు అన్నం పెట్టినవాళ్లు ఒక్కరూ లేరు. అక్కడుండి చూసుకో అని పంపింది.

ఇల్లు నేతవాళ్ల వీధిలో ఉంది. తెల్లవారగానే మగ్గాల చప్పుడు మొదలవుతుంది. పగలు సిస్టర్లతో కలిసి ఇంటింటికీ పోతాను. ఎక్కువసేపు కూర్చొని వినడమే నా పని.

ఒక్క ప్రశ్న నన్ను తినేస్తోంది. ఒకవేళ ఇది నాకు వద్దనుకుంటే నేను ఎక్కడికి రావాలి? నీ గది వాళ్లదే. నీ మంచం వాళ్లదే. వాళ్లకు వద్దని చెప్పి, వాళ్ల గదిలోనే వచ్చి పడుకోవాలా? వాళ్లు ఒక్క మాట అనరు, నాకు తెలుసు. నువ్వు మాత్రం తలవంచుకొని గిన్నెలు మోస్తావు. అది తలుచుకుంటే వద్దు అనే మాట నా గొంతు దాటి రాదు. దాటి రానప్పుడు కావాలి అన్న మాటకు మాత్రం విలువేముంది?

నీ మీద కోపంగా ఉంది. నీకు ఎప్పుడూ ఇట్లా రాయలేదు. అయినా చింపను, పంపుతాను.

ప్రమోద


ధర్మవరం
2024 జూలై 7, ఆదివారం

అమ్మా,

నెల దాటింది, నీ నుంచి ఒక్క అక్షరం లేదు. మీటింగుకని ఫ్లోరా సిస్టర్ మొన్న ఇక్కడికి వచ్చింది. నువ్వు వంటింటి వెనక గది ఖాళీ చేసి, ట్రంకుపెట్టె ఆటోలో వేసుకొని వెళ్లిపోయావని చెప్పింది. ఇరవై ఏళ్లుగా మాతో ఉన్న మనిషి మా మీద అలిగి పోయింది, నీకేమైనా రాసిందా అని నన్ను అడిగింది.

మీ అమ్మ నీకు సంబంధం చూసిందటగా, నిన్ను వెనక్కి తీసుకుపోతుందటగా అని కూడా అడిగింది. హిందూపురంలో అట్లా అనుకుంటున్నారట. నిజమేనా? నేను అడిగింది వేరు, నువ్వు చేసింది వేరు. నా కోపానికి నువ్వు సిస్టర్లతో తెగదెంపులు చేసుకున్నావా? ఆ ఉత్తరం పంపకుండా ఉండాల్సింది. నన్ను క్షమించు. ఎక్కడున్నావో అది ముందు రాయి.

ప్రమోద


హిందూపురం
2024 జూలై 15

పాపా,

అలిగి పోయానా, నేనా? అలిగి పోయేదాన్నే అయితే మునుపటి సుపీరియర్ నా చారును వేడినీళ్లన్నప్పుడే పోయేదాన్ని. సంబంధం మాట ఎవరు పుట్టించారో నాకు తెలుసు. తిప్పమ్మ చీపురు కంటే నోరే ఎక్కువ ఆడిస్తుంది.

జరిగింది చెబుతాను విను. నీ ఉత్తరం వచ్చిన రోజు అన్నం మాడింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి. మఠం హాస్టలులో నూట యాభై మంది ఆడపిల్లలు ఆ మాడన్నం తిని ఒక్కరూ మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. ముందు నాకు నీ మీద కోపం వచ్చింది. తర్వాత సెలీన్ సిస్టర్ మీద వచ్చింది. నేను అంత కష్టపడి రాసిన కాగితాన్ని నీ చేత చదివించి తప్పు పట్టిందే అని. వారం రోజులు ఆ కోపంతోనే గిన్నెలు తోమాను. గిన్నెలు మాత్రం తళతళలాడాయి.

కోపం చల్లారినాక నీ ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఎక్కడికి రావాలి అన్నావు. కన్నతల్లి బతికుండగా బిడ్డకు వచ్చి కూర్చునే గడప లేకపోయెనే అని కుమిలిపోయాను. నేను సుఖంగానే ఉన్నాను కదా, గది ఉంది కదా అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. నువ్వు వద్దనే మాట అనాలంటే కాళ్ల కింద నేల ఉండాలన్న ఆలోచనే నాకు రాలేదు.

అందుకే స్టేషను వైపు సందులో రుక్మిణమ్మ ఇంటి మేడమీద గది తీసుకున్నాను. ఆమె పూలు కడుతుంది. దేవుళ్లు వేరైనా ఇద్దరిదీ ఒకే కష్టం కాబట్టి బాగా పొసిగింది. కన్నడంలో తిట్టి తెలుగులో సారీ చెబుతుంది. రైలు పోయినప్పుడు గిన్నెలు కదులుతాయి, అంతకు మించి ఇబ్బంది లేదు. పని మానలేదు, ఆ మాట ఫ్లోరా సిస్టర్ నీకు చెప్పడం మరిచినట్టుంది. తెల్లారేసరికి మఠం వంటింట్లో ఉంటాను, సాయంత్రం సంగటి గెలికి ఇంటికి వస్తాను. ఇంటికి అని రాస్తుంటే నాకే కొత్తగా ఉంది.

పోయే రోజు ఫ్లోరా సిస్టర్ నా చెయ్యి పట్టుకుంది. మేమేమన్నా అన్నామా బాలమ్మా అని అడిగింది. నేను చెప్పిందిది:

"మీరేమీ అనలేదు సిస్టరమ్మా. నా బిడ్డకు పుట్టిల్లు ఒకటి ఉండాల. ఇన్నాళ్లు నాకు తెలియలా."

ఆమెకు సగమే అర్థమైంది. నువ్వు వచ్చేస్తున్నావనుకుంది. అంతకు మించి నేను చెప్పలేదు, ఎందుకంటే నువ్వు వస్తావో రావో నాకూ తెలియదు.

ఇప్పుడు అసలు మాట. నేను రాసిన కాగితం తప్పు. సిస్టర్ల మేలు మరవను, చచ్చేదాకా మరవను. కానీ ఆ మేలు పొందింది నేను, తీర్చుకోవాల్సిందీ నేనే. రోజూ వాళ్లకు వేడివేడిగా వడ్డించి తీర్చుకుంటున్నాను, నాకు అందులో సంతోషమే. దానికోసం నిన్ను పంపడం ఏమి? నీ తల పట్టి వంచిన చెయ్యి నాదే. అది తలుచుకొని మొన్న రుక్మిణమ్మ ముందు ఏడ్చాను. ఆమె పూలు కట్టడం ఆపి నాతోపాటు ఏడ్చింది, ఎందుకని అడగలేదు.

సెలీన్ సిస్టర్‌కు ఇంకో కాగితం పంపాను. ఈసారి నాలుగు గీతలు చాలాయి. "ప్రమోద నా బిడ్డ. ఆమెను నేను ఎవరికీ ఇవ్వలేదు. ఉంటానంటే ఉండనీండి. వస్తానంటే ఇల్లుండాది."

వస్తే మంచం నీది, చాప నాది. దాని మీద వాదన వద్దు.

అమ్మ


ధర్మవరం
2024 అక్టోబరు 6, ఆదివారం

అమ్మా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను హాయిగా నిద్రపోయాను. తర్వాత చాలా రోజులు వచ్చేయాలనే అనుకున్నాను. నిజంగానే. ఇక్కడ కుట్టు నేర్చుకున్నాను, ఏదో ఒక పని దొరుకుతుంది. నీతో కలిసి ఆ మేడమీద ఉండొచ్చు. ఆగస్టులో సెలీన్ సిస్టర్ వచ్చినప్పుడు ఆ మాటే చెప్పాను. సరేనమ్మా, ఆలోచించుకో అంది. ఆపలేదు. ఎవరూ ఆపకపోతే ఎంత తేలికగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

ఈ ఇంటివాళ్లు దేవతలేమీ కాదు. సిస్టర్ వెరోనికా మోటారు ముందే ఆపేస్తుంది, సిస్టర్ జెర్మానా ట్యాంకు పొర్లేదాకా ఆపదు. దాని మీద ఇద్దరికీ రెండు రోజులు మాటలుండవు. అయినా ఒకరు గుడిలో ఆలస్యమైతే రెండోవారు వాళ్ల టీ మీద మూత పెడతారు. మూత పెట్టి, పెట్టలేదన్నట్టు ముఖం తిప్పుకుంటారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

సెప్టెంబరులో నలుగురు సిస్టర్లు వడకానికి, అంటే మౌనంగా ధ్యానం చేసుకోవడానికి, ఎనిమిది రోజులు వెళ్లారు. నేనూ జెర్మానా సిస్టరూ మిగిలాం. ఎదురింటి మగ్గం మారక్క చీరకు దారం ఆసు పోసుకుంటూ, ఇల్లు బోసిపోయి ఉండాది సిస్టరమ్మా, యాడికి పోయినారు అందరూ అని అడిగింది. ఆ సాయంత్రం కీర్తనలు చదవడానికి కూర్చున్నాం. మేము రెండు వరుసలుగా చదువుతాం. ఒక వరుస ఒక చరణం, ఎదుటి వరుస తర్వాతి చరణం. ఆ రోజు ఎదుటి వరుసలో ఆమె ఒక్కతే, ఈ వరుసలో నేనొక్కదాన్నే. ఆమె చదివి ఆగింది. నేను చదవకపోతే కీర్తన అక్కడితో ఆగిపోతుంది. చదివాను. ఎనిమిది రోజులూ పొద్దున, సాయంత్రం చదివాను. తొమ్మిదో రోజు నలుగురూ తిరిగొచ్చి రెండు వరుసల్లోనూ కూర్చుంటే, నా గొంతు వాళ్ల గొంతుల్లో కలిసిపోతే, నాకు ఏడుపొచ్చింది. ఈ వరుసలో నా చోటు నాకు కావాలి అమ్మా. వీళ్లెవరూ నాకు చెప్పులు కొనివ్వలేదు. వీళ్లకు నేను దండం పెట్టాల్సిందేమీ లేదు. అయినా కావాలి.

పోవడానికి ఇల్లు లేనప్పుడు ఇక్కడ ఉన్నానో, చిక్కుకున్నానో నాకు తెలియలేదు. ఇప్పుడు ఇల్లుంది. తలుపు తీసే ఉంది. అది చూసుకొని కూడా ఉండాలనిపిస్తోంది. సెలీన్ సిస్టర్ అడిగినదానికి ఇదే నా జవాబు. దరఖాస్తు నా చేత్తో రాశాను. నన్ను ఎవరూ ఇవ్వలేదు, నేనే వచ్చాను అని మొదటి వాక్యం.

నవంబరు ఇరవై ఒకటిన పెనుకొండలో మాటపట్టు. నేనొక్కదాన్నే. నువ్వు రావాలి. ఆ రోజు వంటింటి వైపు పోకూడదు. సిస్టర్ల పక్కన కూర్చొని ముందు పంక్తిలో తినాలి. పోతే నేను మాటపట్టు మధ్యలోనైనా లేచి వచ్చి పట్టుకొస్తాను.

ప్రమోద


హిందూపురం
2024 నవంబరు 10, ఆదివారం

పాపా,

నిజం రాస్తున్నాను. నువ్వు వస్తావనే అనుకున్నాను. నోటితో ఉంటానంటే ఉండనీండి అన్నాను గాని, రెండో దిండు కుట్టి పెట్టాను. నీ ఉత్తరం చదివి ఆ దిండు మీద తలపెట్టుకొని ఏడ్చాను. సంతోషమూ ఉంది, దిగులూ ఉంది. ఏది ఎంతని అడగొద్దు.

బిడ్డ రాదంట కదా, గది ఖాళీ చేస్తావా అని రుక్మిణమ్మ అడిగింది. చేయనన్నాను. సిస్టరైనా, రేపు సుపీరియరైనా, ఆ బిడ్డకు పుట్టిల్లు ఉండాల్సిందే అన్నాను. ఫ్లోరా సిస్టర్‌ను మొన్న ఆ గదికి పిలిచి సంగటి, ఊరిబిండి పెట్టాను. నా ఇంట్లో ఆమెకు నేను వడ్డించడం ఇదే మొదలు. రెండు ముద్దలు తిని, మూడోది అడిగింది. అప్పుడు చెప్పాను ఇదంతా ఎందుకు చేశానో. ఈసారి మొత్తం అర్థమైంది.

వంటింట్లోకి పోనని మాట ఇస్తున్నాను. ముందు పంక్తిలోనే కూర్చుంటాను. బిరియానీలో ఉప్పు తక్కువైతే మాత్రం అక్కడి నుంచే చెబుతాను.

నిన్న సెలీన్ సిస్టర్ ఫోన్ చేసి నాతో మాట్లాడింది. మాటపట్టు రోజు తల్లి బిడ్డ చెయ్యి పట్టుకొని పీఠం దాకా తీసుకొచ్చి, మా బిడ్డను దేవునికి అర్పిస్తున్నాం అని చెప్పాలట. అది ఆనవాయితీ అట. నేను ఆ మాట చెప్పను సిస్టరమ్మా అన్నాను. ఒకసారి ఇచ్చి తప్పు చేశాను, మీరే వెనక్కి పంపారు అన్నాను. ఆమె నవ్వి, మరేం చేస్తావు బాలమ్మా అంది.

"గుడి వాకిలి దాకా చెయ్యి పట్టుకొని వస్తా. ఆడ వదిలేస్తా. ఆడి నుంచి ఆమె పోతాది."

ఆమె అట్లాగే కానీయమంది.

కాబట్టి పాపా, ముందే చెబుతున్నాను. వాకిట్లో నేను చెయ్యి వదిలినాక నేరుగా నడువు, వెనక్కి తిరిగి చూడొద్దు. చూశావంటే మళ్లీ పట్టుకుంటాను.

అమ్మ